పన్నెండు జట్ల ప్రోగ్రెస్ కార్డు

ఆర్డిత్ నోవిట్స్కీ నలుగురిలో నోరెత్తి మాట్లాడి ఎరగదు. చర్చిలో పాటలు కూడా పెదవుల చివరనే పాడుకుంటుంది. అలాంటి మనిషి ఏటా మార్చి నెలాఖరులో వంటింటి బల్ల ముందు కూర్చుని పన్నెండుమంది మగవాళ్ల పరువు నిలువునా తీసేస్తుంది. వాళ్లలో ఒకడు సొంత మొగుడు. పరువు తీసే ఆ కాగితం అడుగున సంతకం కూడా ఆ మొగుడిదే.

ఆ పన్నెండుమందీ అమెరికాలో ఒక సరస్సు ఒడ్డునున్న ఈరీ ఊళ్లో రైలింజన్ల కర్మాగారంలో కలిసి పనిచేసినవాళ్లు. బేస్‌బాల్ సీజను మొదలయ్యే ముందు ఒక శనివారం ఊరి అగ్నిమాపక కేంద్రంలోని ఫైర్‌హాల్లో చేరతారు. దేశంలో నిజంగా ఆడే ఆటగాళ్లను వంతులవారీగా, ఒక్కో వంతులో ఒక్కొక్కణ్ణి చొప్పున, పేర్లు పిలిచి పంచుకుంటారు. ఒకడు పిలిచిన పేరు మరొకడు పిలవకూడదు. నోటినుంచి పేరు వచ్చిందా, అంతే, వెనక్కి తీసుకోవడం ఉండదు. ఇక ఆర్నెల్లపాటు ఆ ఆటగాళ్లు ఎక్కడ ఏం కొట్టినా ఆ లెక్క వీళ్ల ఉత్తుత్తి జట్లలో పడుతుంది. ఎండలో పరుగెత్తేది వాళ్లు, భుజాలు ఎగరేసేది వీళ్లు. ఫైర్‌హాల్ మెట్లు ఎక్కితేనే ఆయాసపడే ఈ యజమానులు, ఎవరి జట్టులో బంతి విసిరే పిచర్‌కు భుజం నొప్పి వచ్చినా తమ భుజమే పట్టుకుని తిరుగుతారు.

ఆఖరి స్థానం వచ్చినవాడికి ఒక శిక్ష ఉంది. ఈస్టరు ముందు మాంసం మానే లెంట్ రోజుల్లో ప్రతి శుక్రవారం ఫైర్‌హాల్లో చేపల విందు పెడతారు. ఓడినవాడు గుడ్డతో కుట్టిన చేప తలకాయ టోపీ పెట్టుకుని గుమ్మంలో టికెట్లు చింపాలి. ఊరంతా వచ్చే విందు అది. మొదట్లో ఆర్డిత్ మొగుడు వాల్ట్ మూడేళ్లు వరసగా ఆ టోపీ పెట్టాడు. మూడో ఏడు ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుండిపోయాడు. ఆర్డిత్‌కు జాలేసింది. ఆమె తండ్రి ఊరి బేస్‌బాల్ మైదానంలో గడ్డి కోసే మనిషి. ఎనిమిదేళ్ల వయసునుంచి ఆమె ఆయన పక్కన కూర్చుని ప్రతి ఆటకూ స్కోరు పుస్తకం నింపింది. ఎవడు ఎడమచేతివాటం పిచర్ ముందు బిక్కచచ్చిపోతాడో, ఎవడు ఆగస్టు ఎండల్లో వాడిపోతాడో ఆమెకు పేరు పేరునా తెలుసు. మరుసటి ఏడు ఒక పట్టీ రాసి, ఏ వంతులో ఎవణ్ణి తీసుకోవాలో వరసగా చెప్పి, వాల్ట్ చొక్కా జేబులో పెట్టి పంపింది. ఆ ఏడు వాల్ట్ గెలిచాడు. ఆ తర్వాత మరో పదిసార్లు గెలిచాడు. స్నేహితులు అతన్ని ప్రొఫెసర్ అని పిలవడం మొదలుపెట్టారు. పిలుపు బాగుందనుకున్నాడు కాబోలు, కాదని ఎవరితోనూ అనలేదు.

ప్రోగ్రెస్ కార్డు కూడా ఆ ప్రొఫెసర్ ఉద్యోగంలో భాగమే. ఎంపికలు జరిగిన తర్వాతి శుక్రవారం, విందు అయ్యాక, పన్నెండు జట్లకూ వందకిన్ని మార్కులని వేసి గట్టిగా చదివి వినిపించాలి. మార్కులకన్నా పక్కన రాసే రిమార్కుల కోసం అందరూ చెవులు రిక్కించుకుంటారు. "డెల్మర్‌కు నలభై ఒకటి. ఇతను మూడో వంతులో తెచ్చుకున్న బ్రుగ్‌మన్ మోకాళ్లు ఎప్పుడో రిటైరయ్యాయి, మిగతా మనిషికి ఇంకా కబురు అందలేదు." "నార్బర్ట్‌కు ఇరవై ఆరు. ఏటా పిట్స్‌బర్గ్ వాళ్లనే తీసుకుంటాడు. దీన్ని జట్టు అనరు, మొక్కు అంటారు." ఇవన్నీ ఆర్డిత్ రాసినవే. వాల్ట్ ముందుగా చదివేవాడు కూడా కాదు. అందరితోపాటు తనూ అప్పుడే విని పొట్ట పట్టుకునేవాడు.

ఆ వేళకు ఆర్డిత్ వడ్డన కిటికీ వెనకాల వంటగదిలో ఉండేది. హ్యాడాక్ చేపముక్కలు పిండిలో ముంచి నూనెలో వేసే పని ఆమెది. అత్తగారు స్టాషాకు తొంభై ఒక్క ఏళ్లు. ఆమెను ఒంటరిగా వదలడానికి లేదు. శుక్రవారం పక్కింటావిడ వచ్చి కూర్చునే మూడు గంటలే ఆర్డిత్ బయట గాలి పీల్చేది. ఆ మూడు గంటలూ పీల్చేది నూనె పొగ. అయినా, కిటికీ అవతల తన మాటకు హాలంతా గొల్లున నవ్వినప్పుడు ఆమె చేతిలో చేపముక్క ఆగిపోయేది. ఆ నవ్వు కోసమే ఏడాది పొడవునా పేపర్లు కత్తిరించి దాచేది. వాల్ట్ రహస్యం కాపాడుతున్నానన్న గర్వం కూడా కొంత ఉండేది. మొగుణ్ణి నలుగురిలో చిన్నబుచ్చకుండా ఇరవై మూడేళ్లు నోరు కట్టుకుంది మరి.

ఈ ఏడు జనవరిలో ఆ పన్నెండుమందిలో స్టాన్ అనే ఆయన ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఒక కుర్చీ ఖాళీ అయింది. ఆ సంగతి విన్న రోజు ఆర్డిత్ గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండా అడిగేసింది.

"వాల్ట్, స్టాన్ కుర్చీ నాకిమ్మని అడుగు."

"నీకా?"

"నాకే. నా పేరుతో ఒక జట్టు."

"ఎందుకే నీకా గోల? అక్కడంతా సిగార్ల కంపు, బూతులు..."

"ఇరవై మూడేళ్లుగా కిటికీలోంచి వింటున్నా. నాకు రాని బూతు ఇంకోటి మిగిలి లేదు. అడుగుతావా లేదా?"

"అడుగుతాలే," అన్నాడు వాల్ట్.

ఆర్డిత్ తన జట్టుకు పేరు కూడా పెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఫిబ్రవరిలో వాల్ట్‌కు ఎప్పటిలాగే పట్టీ రాసిచ్చింది గాని, తన కోసం రెండోది రాసుకుని వంటల పుస్తకంలో దాచింది. అరవై ఒకటో ఏట చిన్నపిల్లలా రోజులు లెక్కపెట్టింది. వాల్ట్ మాత్రం "ఇంకా తేల్చలేదు" అంటూ నెట్టుకొచ్చాడు.

ఎంపికల శనివారం మధ్యాహ్నం అతను తిరిగొచ్చి, పన్నెండు జట్ల కాగితాలు బల్ల మీద పడేసి, టీవీ ముందుకు జారుకున్నాడు. ఆర్డిత్ చేతులు తుడుచుకుని అన్నిటికన్నా ముందు ఆఖరి కాగితం చూసింది. పన్నెండో జట్టు యజమాని పేరు ట్రెంట్ అని ఉంది. ట్రెంట్ డెల్మర్ అల్లుడు. కార్లు అమ్ముతాడు.

"వాళ్లు ముందే మాటిచ్చేశారట," అన్నాడు వాల్ట్, కళ్లు టీవీలోనే పెట్టి.

"ఈ అబ్బాయి మొదటి వంతులోనే క్యాచర్‌ని తీసుకున్నాడు వాల్ట్. మొదటి వంతులో! వెనకాల బంతి పట్టేవాణ్ణి, చివర్లో ఏరుకోవాల్సినవాణ్ణి!"

"కుర్రాడు. నేర్చుకుంటాడులే."

ఆర్డిత్ కాగితాలు మడిచి పక్కన పెట్టింది. అత్తగారికి మెత్తటి పిరోగీ కుడుములు చిదిపి తినిపించి, పక్క సర్ది, తనూ పడుకుంది. నిద్ర మాత్రం పట్టలేదు.

సోమవారం పొద్దున్నే కాగితాలు పరుచుకుని మార్కులు వేయడానికి కూర్చుంది. ఇష్టం లేకపోయినా చేతికి అలవాటైన పని. ట్రెంట్‌కు పద్దెనిమిది వేసింది. రిమార్కు దానంతటదే వచ్చింది: "క్యాచర్‌తో మొదలుపెట్టడం, పెళ్లికి ముందు చాకలి పద్దు రాసుకోవడం లాంటిది." నవ్వొచ్చింది. ఆ నవ్వుకు తన మీద తనకే కోపం వచ్చింది. తర్వాత డెల్మర్ కాగితం తీసింది. ఒకటి, రెండు, మూడు వంతులు... బాగానే ఉన్నాయి, ఈసారి మోకాళ్లు ఉన్న మనుషుల్నే తెచ్చుకున్నాడు. ఆరో వంతు దగ్గర ఆమె వేలు ఆగింది. ఓకర్‌మన్ అని ఉంది.

ఓకర్‌మన్ కొత్త పిచర్. నిరుడు పదకొండు ఆటలు ఆడాడేమో. అతని పేరు ఏ పత్రికవాడూ పట్టించుకోలేదు. ఆర్డిత్ ఒక్కతే, రేడియోలో రెండు ఆటలు విని, ఈ కుర్రాడి చేతిలో ఏదో ఉందని ఫిబ్రవరి పట్టీలో ఆరో వంతుకు రాసింది. మార్చి పన్నెండున అతని మోచేతికి ఆపరేషను జరిగింది. ఇక ఈ ఏడు బంతి ముట్టడు. అన్ని పేపర్లలోనూ వచ్చింది. ఆమె ఆ పొద్దునే వాల్ట్ చేత పట్టీలో ఆ పేరు కొట్టేయించింది.

అంటే, మార్చి పేపరు చదివినవాడెవడూ ఓకర్‌మన్‌ను పిలవడు. చదవనివాడికి అతనెవరో తెలియనే తెలియదు. మరి డెల్మర్‌కు ఎలా తెలుసు?

ఫ్రాన్సిస్ కాగితం లాగింది. ఆరో వంతులో ఓకర్‌మన్ అని రాసి, కొట్టేసి, పక్కన "డెల్మర్ ముందే లాగేశాడు" అని ఉంది. ఆర్డిత్ లేచి వంటల పుస్తకం పక్కనున్న, వాల్ట్‌కిచ్చిన ఫిబ్రవరి పట్టీ నకలు తెచ్చి, ఒక్కో జట్టు పక్కన పెట్టి చూసుకుంటూ పోయింది. ఇన్నేళ్లూ రిమార్కు కోసం చూసిందే గాని, ఎవరి కాగితాన్నీ తన పట్టీతో పోల్చి చూడలేదు. వరస ఆమెదే. ఎవరూ గుర్తించని సెయింట్ లూయిస్ జట్టులోని రెండో బేస్‌వాడు తొమ్మిదో వంతులో, ఆగస్టులో వాడిపోయేవాళ్లను వదిలేయడం, ఎడమచేతివాటం కుర్రాళ్లను చివర్లో ఏరుకోవడం, అన్నీ ఆమెవే. పన్నెండు జట్లలో పది ఆమె చెయ్యే. ట్రెంట్‌కు ఇంకా పట్టీ అందినట్టు లేదు. నార్బర్ట్ మాత్రం ఎప్పటిలాగే పిట్స్‌బర్గ్‌ను మొత్తంగా ఎత్తుకొచ్చాడు.

మధ్యాహ్నం వాల్ట్ సూపు తాగుతుండగా ఎదురుగా కూర్చుంది.

"నా ఫిబ్రవరి పట్టీ ఎవరెవరి దగ్గరుంది?"

"ఏ పట్టీ?"

"ఓకర్‌మన్ ఆరో వంతులో ఉన్నది. నీ చేత కొట్టేయించానే, అది."

"ఆ డెల్మర్ వెధవకి పేపరు చదివే అలవాటు లేదు," అన్నాడు వాల్ట్ విసుగ్గా. అన్నాక చెంచా గాల్లోనే ఉండిపోయింది.

ఆర్డిత్ తన నకలు బల్ల మీద అతని ముందుకు తోసింది. అతను చెంచా దించాడు.

"ఎప్పట్నుంచి?"

"పెద్ద మంచు పడిందే, ఆ ఏడు. నా నడుము పట్టేసింది, గుర్తుందా? డెల్మర్ బండి తెచ్చి మన వాకిట్లో మంచు మొత్తం తోసిపెట్టాడు. ఊరికే ఎంతకని చేయించుకుంటాం? పట్టీ నకలు ఇమ్మన్నాడు, ఇచ్చాను. తర్వాత ఫ్రాన్సిస్ హీటరు బాగుచేశాడు. అమ్మ వీల్‌చైర్‌కి ర్యాంపు కట్టారు కదా, దానికి నలుగురు..." అతను గబగబా అన్నాడు, "మార్చిలో నువ్వు చేసే మార్పులు మాత్రం ఎవరికీ చెప్పను ఆర్డీ. ఒట్టు. అవి నాకొక్కడికే."

ఆ మంచు తోసినందుకు ఆర్డిత్ ఏటా డెల్మర్ ఇంటికి రెండు నట్ రోల్ రొట్టెలు చేసి పంపేది. ర్యాంపు కట్టిన రోజు ఆ నలుగురినీ చూసి, లోకంలో మంచివాళ్లున్నారని కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు ఆ రోజు గుర్తొచ్చి చెంపలు మండాయి.

"అయితే నేను రాస్తున్నట్టు వాళ్లకి తెలుసన్నమాట. ప్రోగ్రెస్ కార్డు కూడానా?"

"అది మొదటి ఏడే తెలిసిపోయింది. నేను అంత బాగా తిట్టగలనంటే ఎవడు నమ్ముతాడే?"

లోపలి గదిలోంచి స్టాషా గొంతు వినిపించింది. చెవుడు అవసరమైనప్పుడే వస్తుంది ఆవిడకు. "నాకూ తెలుసు. ఆ డెల్మర్ కాగితం కోసం నా మంచం పక్కనుంచే కదా పోయేది."

ఇరవై మూడేళ్లు కాపాడిన రహస్యం మంచంలో ఉన్న ముసలామెకు కూడా తెలుసు. తెలియనిది ఒక్క ఆర్డిత్‌కే, రహస్యం అందరికీ తెలుసన్న సంగతి.

"కుర్చీ సంగతి నిజంగా అడిగావా?"

"అడిగాను. ఓటు పెట్టారు."

"ఎంతెంత?"

"వద్దని పది. సరేనని ఒకటి."

ఆర్డిత్ గుండె కాస్త కుదుటపడింది. పోనీ, మొగుడైనా తన వైపు నిలబడ్డాడు. "ఆ ఒక్కటీ నీదేనా?"

వాల్ట్ సూపులోకి చూశాడు. "నార్బర్ట్‌ది."

ఆర్డిత్ అతని ముందున్న సూపు గిన్నె తీసేసింది. తర్వాత వాల్ట్ బతిమాలుతున్నట్టు అన్నాడు, "అది కాదే. నువ్వు ఆడితే పట్టీ ఎవరు రాస్తారు? అందరూ మళ్లీ గుడ్డివాళ్లైపోతారు. ఏటా నువ్వే గెలుస్తావ్. గెలిచేవాళ్లకి మంచు ఎవడు తోస్తాడు? నాకు గుండెలో స్టెంటుంది, నీకు చూస్తే అమ్మతోనే సరిపోతుంది..."

అతను చెప్పింది అబద్ధమైతే ఆర్డిత్‌కు సుఖంగా ఉండేది. నిజమే కావడం వల్ల ఊపిరాడలేదు. డిసెంబరునుంచి మార్చి దాకా ఆ సరస్సు ఒడ్డున మంచు మనిషి నడుం దాకా పడుతుంది. స్టాషాను ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే వాకిలి తెరుచుకోవాలి. పట్టీ మానేస్తే వాకిలి మూసుకుంటుంది. పట్టీ రాస్తూ పోతే కుర్చీ ఎప్పటికీ రాదు. ఎంత బాగా రాస్తే వాళ్లు అంత గట్టిగా ఆమెను వంటింట్లో పట్టి ఉంచుతారు. చెడ్డగా రాద్దామా అంటే, అది ఆమెకు చేతకాదు. మంగళవారం కావాలని ఒక చచ్చు పట్టీ రాసి చూసింది. నాలుగో పేరు దగ్గర ఒళ్లు జలదరించి చింపేసింది.

గురువారం సాయంత్రానికి ప్రోగ్రెస్ కార్డు పూర్తిచేసింది. వాల్ట్ చేయి చాపితే ఇవ్వలేదు. "ఈసారి నేను చదువుతా," అంది. వాల్ట్ ముఖంలో రక్తం లేదు గాని, అడ్డు చెప్పే ముఖం కూడా లేదు.

శుక్రవారం విందు అయింది. ప్లేట్లు తీసేశారు. బయట ఇంకా వెలుతురుంది. వాల్ట్ లేవకపోయేసరికి డెల్మర్ బల్ల మీద గ్లాసుతో కొట్టాడు. "ఏం ప్రొఫెసరూ, మమ్మల్ని కోసే కత్తికి పదును పెట్టలేదా ఇంకా?"

వంటగది తలుపు తెరుచుకుని ఆర్డిత్ బయటికొచ్చింది. ఏప్రన్ మీద పిండి మరకలున్నాయి. చేతిలో కాగితం ఉంది. గుమ్మంలో చేప తలకాయ టోపీతో నిలబడ్డ నార్బర్ట్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"డెల్మర్‌కు ఎనభై రెండు," అని మొదలుపెట్టింది. గొంతు మొదట పీలగా వచ్చింది. "అందులో డెబ్బై తొమ్మిది నావి. పేరూ తారీఖూ సరిగ్గా వేసినందుకు మూడు మార్కులు డెల్మర్‌వి. ఓకర్‌మన్ మోచేతికి కట్టు విప్పేటప్పుడు డెల్మర్ వెళ్లి పలకరించి రావాలి, జట్టు యజమాని కదా." డెల్మర్ గ్లాసు కింద పెట్టాడు. "ఫ్రాన్సిస్‌కు ఎనభై. ఇతను ఓకర్‌మన్‌ను రెండు నిమిషాల తేడాలో పోగొట్టుకున్నాడు. కాపీ కొట్టడంలో కూడా వెనకబడ్డాడు." ఒక్కో పేరూ చదువుతుంటే గొంతు గట్టిపడింది. "వాల్ట్‌కు తొంభై ఒకటి. జట్టుకి. ఓటుకి సున్నా." వాల్ట్ తల దించుకున్నాడు. "నార్బర్ట్‌కు ఇరవై రెండు. ఇరవై రెండూ అతని సొంతం. ఈ గదిలో తన చేత్తో రాసిన కాగితం అతనిదొక్కటే. పదమూడో జట్టు ఒకటుంది. దానికి కుర్చీ లేదు. మార్కులు మీరే వేయండి."

కాగితం మడిచింది. ఇప్పుడు సిగ్గుపడతారు, అనుకుంది. ఎవడో ఒకడు లేచి కుర్చీ లాగుతాడు.

ముందు డెల్మర్ భుజాలు కదిలాయి. తర్వాత పక్కవాడివి. చూస్తుండగానే హాలు హాలంతా విరగబడి నవ్వింది. ఇరవై మూడేళ్లలో ఎన్నడూ అంత నవ్వు లేదు. బల్లలు బాదారు. ట్రెంట్ కుర్చీలోంచి జారాడు. డెల్మర్ కళ్లు తుడుచుకుంటూ లేచి, "ఓటుకి సున్నా అట రా! ఇన్నేళ్లూ ఈ వాల్ట్ గొంతులో విని పాడుచేసుకున్నాం కదరా!" అన్నాడు. "ఆర్డిత్, ఇక ఏటా నువ్వే చదవాలి. ఇందులో మాట తప్పేది లేదు!"

"మరి కుర్చీ?" అంది ఆర్డిత్. నవ్వుల్లో ఆమె మాట సగమే వినబడింది.

"నీకెందుకమ్మా కుర్చీ? నువ్వు జడ్జీవి! జడ్జీ ఎక్కడైనా మధ్యలో దిగి ఆడతాడా?" అని డెల్మర్ చప్పట్లు మొదలుపెట్టాడు. అందరూ లేచి నిలబడ్డారు. వాల్ట్ కూడా లేచాడు, గండం గడిచిందన్న ముఖంతో. నార్బర్ట్ ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు.

ఆర్డిత్‌కు ఏడుపు రావాలి. కోపం రావాలి. వచ్చింది సంతోషం. దాచుకోలేనంత సంతోషం, ముఖమంతా వెచ్చగా పాకింది. గోడ అవతల విన్న నవ్వును మొదటిసారి కళ్లతో చూస్తోంది. ఆగిపొమ్మని తనకు తను చెప్పుకుంది. ముఖం వినలేదు.

చప్పట్లు సద్దుమణిగాక డెల్మర్ దగ్గరికొచ్చి, ఇక దాచేదేముందన్నట్టు, అందరి ఎదుటే అడిగాడు. "పట్టీ మాత్రం ఎప్పటిలాగే ఫిబ్రవరిలో ఇచ్చెయ్ ఆర్డిత్. ఈసారి ఓకర్‌మన్‌లు లేకుండా చూడు."

"ఫిబ్రవరిలో వద్దు," అంది ఆర్డిత్. "అప్పటికి ఎవడి మోచెయ్యి ఎలా ఉందో తెలీదు. మార్చి పదిహేను దాకా ఆగండి. తప్పుల్లేకుండా రాసిస్తాను."

అనేశాక గాని తనేమందో ఆమెకు తెలియలేదు. డెల్మర్ అప్పటికే ఆ తారీఖు అందరికీ కేకేసి చెబుతున్నాడు.